ఉపవాస కూడికలో నేనిచ్చిన చీటీ

ఆ శుక్రవారం నేను చేసింది పొరపాటని మా సంఘంలో కొందరు నాకు ధైర్యం చెప్పారు. పొరపాటంటే చూసుకోకుండా జరిగేది. నేను చూసుకునే చేశాను. తెల్ల కాగితం మీద రెండుసార్లు చిత్తు రాసుకుని, మూడోసారి మంచి దస్తూరితో రాసి, నాలుగు మడతలు పెట్టి పాస్టరుగారి చేతికిచ్చాను.

మాది కొత్తపేట. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. నా భార్య సుగుణ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసింది. ఆరేళ్ళుగా ఆమెకు పార్కిన్సన్స్ జబ్బు. మా చర్చిలో ప్రతి శుక్రవారం ఉపవాస కూడిక ఉంటుంది. కష్టంలో ఉన్నవాళ్ళు తమ మనవి చీటీ మీద రాసి ఇస్తారు, పాస్టరు అయ్యగారు దాన్ని పైకి చదువుతారు, అందరూ కలిసి ప్రార్థిస్తారు. పరువు పోతుందనుకున్నవాళ్ళు పేరు రాయరు. నేనూ రాయలేదు. అయ్యగారు చదివింది ఇది: "ఒక సహోదరుని ఇంట్లో రోగి మందుల దగ్గర మోసం జరుగుతోంది. ఆ చేతిని ప్రభువు బయటపెట్టాలి."

సుగుణను ఒళ్ళో ఆనించుకుని స్త్రీల వైపు చాప మీద కూర్చున్న రత్నం అందరికంటే గట్టిగా "ఆమేన్ ప్రభువా" అంది. మందుల షాపువాళ్ళు ఎవరినో మోసం చేశారనుకుందట. రోజూ మా ఇంటికి వచ్చి సుగుణకు స్నానం చేయించి, అన్నం తినిపించి, మందులు వేసే మనిషి ఆమె. చీటీలో నేను రాసిన 'ఆ చెయ్యి' ఆమెదే.

చర్చిలో అందరి తలలూ మెల్లగా అటు తిరిగాయి. కొత్తపేటలో మందుల కోసం మనిషిని పెట్టుకున్న ఇళ్ళు మా సంఘంలో రెండే. రెండింటికీ మనిషి రత్నమే.

కూడిక అయ్యాక చెప్పుల దగ్గర ఒకావిడ అననే అంది. "రత్నం, నర్సమ్మగారి మందులు చూసేది నువ్వే కదే?"

"ఆయ్, నేనేనండి" అంది రత్నం నవ్వుతూ. ఆ నవ్వు సగంలో ఆగింది. నా వైపు చూసింది. నేను వంగి చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటున్నాను.

సుగుణను జాగ్రత్తగా నడిపించుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం మాత్ర వేసి, అప్పుడు గుమ్మంలో నిలబడి అడిగింది.

"మాస్టారండి, ఆ మనవి ఎవరిదండీ?"

"నాదే."

"ఎవరి గురించండీ?"

"తప్పు చేయనివాళ్ళకి భయమెందుకమ్మా?" అన్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల దగ్గర వాడిన మాట అది. ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఈ జబ్బు ఇంట్లో ఉన్నవాళ్ళు కొందరైనా దీన్ని చదువుతారని, మొదటి నుంచీ చెబుతున్నాను.

*

ఆరేళ్ళ కిందట సుగుణ కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. పువ్వులు కట్టేటప్పుడు దారం జారిపోయేది. "వయసు" అన్నాను. ఆమె నర్సు కనుక నా మాట నమ్మలేదు. తనే వెళ్ళి డాక్టరుకు చూపించుకుని వచ్చి, "పార్కిన్సన్స్ అండి. చావు కాదు గానీ సుఖమూ కాదు" అని చెప్పి వంటింట్లోకి వెళ్ళి పెసరట్లు పోసింది. ఆ రోజు ఆమెకున్న ధైర్యం నాకు లేదు.

మొదటి నాలుగేళ్ళూ జబ్బు ఒంట్లోనే ఉంది. అడుగులు చిన్నవయ్యాయి. రాత చీమల్లా అయిపోయింది. మొహంలో నవ్వు కనపడడం తగ్గింది. మనిషి లోపల నవ్వుతున్నా పైకి రాదు. మాత్ర వేసిన గంటకు కాళ్ళు కదిలేవి, అది దిగిపోగానే గుమ్మాల దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయేవి. చర్చి గుమ్మం దగ్గర అలా ఆగిపోయినప్పుడు వెనక వచ్చేవాళ్ళు నిలబడిపోయేవాళ్ళు. "పాపం నర్సమ్మగారు" అనేవాళ్ళు. ఆ మాట నేను వినలేకపోయేవాణ్ణి. అందుకని ఆదివారాలు బయలుదేరే ముందు అర మాత్ర ఎక్కువ వేసేవాణ్ణి. పని చేసింది. ఆమె చకచకా నడిచి ముందు వరుసలో కూర్చుంది. తర్వాత శుక్రవారాలు కూడా వేశాను. తర్వాత చుట్టాలు వచ్చినప్పుడు కూడా. డాక్టరుకు చెప్పాలని తోచలేదు. అది మందు అనుకోలేదు, ప్రేమ అనుకున్నాను.

ఐదో ఏడు జబ్బు తలలోకి వచ్చింది. మతిమరుపుతో వస్తుందని నేను కాచుకుని కూర్చున్నాను, అది మరోలా వచ్చింది. సుగుణకు పేర్లు బాగానే గుర్తున్నాయి. టీ పెట్టడం మాత్రం రాలేదు. ముందు పాలా, ముందు పొడా అని గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. కొన్ని రోజులు పొద్దున్న మబ్బుగా, సాయంత్రానికి తేటగా ఉండేది. కొన్ని రోజులు అటుదిటు. ఒక మధ్యాహ్నం అరటిపండు ఒలుస్తూ, "ఆ పిల్లలకి కూడా ఇవ్వండి" అంది.

"ఏ పిల్లలు?"

"కిటికీ కింద కూర్చున్నారు కదండీ. ముగ్గురు. టీకాకి వచ్చినట్టున్నారు, భయపడుతున్నారు."

కిటికీ కింద కొబ్బరికాయల గోనె ఉంది. అంతకు మించి ఎవరూ లేరు. సైన్సు మాస్టారిని కాబట్టి ఆమెకు అది నిరూపించబోయాను. గోనె ఎత్తి చూపించాను. "మీరు లాగితే భయపడి పారిపోయారు" అంది.

పిల్లల తర్వాత అనుమానాలు వచ్చాయి. తన చీరలు ఎవరో కట్టుకుని మళ్ళీ మడతపెడుతున్నారంది. నేను నేను కాదని, నా మొహంతో ఇంకెవరో ఉన్నారని ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. కాకినాడలో ఉద్యోగం చేసే మా అమ్మాయి సునీత వచ్చి చూసి, "నాన్నగారూ, మీ ఒక్కరి వల్ల కాదు. మనిషిని పెడదాం" అంది. అలా మొన్నటి వర్షాకాలంలో రత్నం మా ఇంటికొచ్చింది.

*

రత్నానిది పలివెల. కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఒక ముసలావిణ్ణి చూసుకుని తిరిగొచ్చింది. పొద్దున్నే మా ఊళ్ళో సుందరరావుగారింటికి వెళ్ళి ఆయనకు స్నానం చేయించి, తర్వాత మా ఇంటికి వచ్చేది. సుందరరావుగారు నేను పనిచేసిన స్కూలుకు హెడ్మాస్టరు. ఎనభై దాటాయి, మంచం మీదే ఉంటారు.

రత్నం సుగుణతో వాదించేది కాదు. పిల్లలున్నారంటే, "ఉండనివ్వండి అమ్మగారు, అల్లరి చెయ్యట్లేదుగా. మనం తినేద్దాం" అనేది. సుగుణ తినేది. అదే ముద్ద నేను పెడితే పళ్ళు బిగించేది. అప్పుడు నాకు రత్నం మీద సంతోషం కలగాలి. కలగలేదు. నలభై ఏళ్ళ కాపురం ఉన్న నా చేతికి లేనిది, నెల కిందట వచ్చిన చేతికి ఎలా వచ్చిందా అని చూడడం మొదలుపెట్టాను. నా అనుమానం అక్కడ పుట్టింది. తక్కినవన్నీ తర్వాత దానికి దొరికిన సాక్ష్యాలు.

ఒకరోజు సుగుణ నన్ను దగ్గరకు పిలిచి గుసగుసగా చెప్పింది. "ఏవండీ, ఈ పిల్ల నా మందుల్లో ఏదో చేస్తోంది. ముప్పై ఏళ్ళు మాత్రలిచ్చినదాన్ని. నాకు తెలుసు."

కిటికీ కింద పిల్లలున్నారంటే నమ్మని నేను దీన్ని నమ్మాను. నర్సు మాట కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు కావలసిన మాట ఆమె నోట వచ్చింది.

మాత్రల అట్టలు తీసి లెక్కపెట్టాను. నెలకు రాసినదానికి ఆరు తక్కువ. మళ్ళీ లెక్కపెట్టాను, ఆరే. అట్టల వెనక పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టాను. మందుల అలమారా తలుపుకు లోపల దారం పోగు అంటించాను. స్కూల్లో పరీక్ష పేపర్లు కాపాడినట్టు కాపాడాను. ఒక పూట పెరట్లోకి వెళుతున్నట్టు వెళ్ళి, కిటికీ సందులోంచి చూశాను. రత్నం మాత్రను రెండు చెంచాల మధ్య పెట్టి పొడి చేసి, చక్కెరకేళి గుజ్జులో కలిపింది. చుట్టూ చూసి, సుగుణ అటు తిరిగినప్పుడు నోట్లో పెట్టింది.

నాకింకేం కావాలి? సునీతకు ఫోన్ చేశాను.

"ఆవిడకి మన అమ్మ మాత్రలెందుకు నాన్నగారూ? అమ్ముకోడానికా, వేసుకోడానికా?"

"ఎందుకో తర్వాత తేలుతుంది. లెక్క తప్పడం నిజమా కాదా?"

"మీరు ఆవిణ్ణి అడిగేరా?"

అడగలేదు. అడిగితే సమాధానం వస్తుంది. నాకు సమాధానం అక్కర్లేదు. చీటీ రాశాను. ప్రార్థన కనుక ఎవరూ నన్ను తిరిగి ప్రశ్నించలేరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

*

కూడిక మర్నాడు రత్నం రాలేదు. సోమవారానికి సుందరరావుగారి కోడలు కమల కూడా ఆమెను రావద్దందని తెలిసింది. ఈ పనిలో మనిషికి సర్టిఫికెట్టు ఉండదు. ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటివాళ్ళకి చెప్పే మాటే ఆధారం. ఆ మాట నేను తీసేశాను. అది తెలిసి కూడా, నిజం బయటపడుతోంది కదా అనుకున్నాను.

ఇంట్లో సుగుణ అన్నం మానేసింది. మాత్ర నాలిక కింద దాచి గోడ పక్కన ఉమ్మేసేది. పిల్లలు ముగ్గురు కాదు, ఇల్లంతా జనం అంది. బుధవారం మధ్యాహ్నం వాళ్ళను తప్పించుకోబోయి వసారాలో పడింది. ఎముక విరగలేదు. సునీత పరుగున వచ్చి, ఇద్దరం కలిసి కాకినాడలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

ఆసుపత్రి హాల్లో నాలుగు గంటలు కూర్చున్నాం. సునీత నాకు రెండు కుర్చీల అవతల, అమ్మ పక్కన కూర్చుంది. నేను పక్కవాళ్ళను చూస్తూ, ఎవరు ఎవరిని ఏం చేస్తున్నారా అని ఆలోచిస్తున్నాను. అప్పటికి అది నాకు అలవాటైపోయింది. మా నంబరు పిలిచినప్పుడు సుగుణ లేచింది గానీ కాళ్ళు కదల్లేదు. నేను చెయ్యి పట్టుకుని లాగాను. ఎదురుగా భర్తతో కూర్చున్న ఒకావిడ లేచి వచ్చింది. కాట్రేనికోన అట, ఆయనకూ ఇదే జబ్బట.

"లాగకండన్నయ్యగారూ, పడిపోతారు" అని, తన భుజం మీది తువ్వాలు తీసి సుగుణ కాళ్ళ ముందు నేల మీద అడ్డంగా పరిచింది. "ఇదిగో వదినగారూ, ఇది దాటండి." సుగుణ కాలెత్తి దాటింది, నడిచింది. ఆ తువ్వాలు ఆసుపత్రి నేల మీద మాసిపోయింది. ఆవిడ దులిపి మళ్ళీ భుజాన వేసుకుంది. పేరు అడగడం కూడా మరిచిపోయాను.

డాక్టరు మాత్రల అట్టలన్నీ బల్ల మీద పరిచారు. "నెలకు రాసినవి నెల నిండకుండానే అయిపోతున్నాయి, ఆరు మాత్రలు తేడా. ఎందుకండీ?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. "అదేనండీ నేను చెప్పబోయేది. మా ఇంట్లో పెట్టుకున్న మనిషి..."

సుగుణ తలెత్తింది. ఆ పూట ఆమెకు తేటగా ఉంది. గొంతు మెల్లగా, కానీ డ్యూటీలో ఉన్నప్పటిలా వచ్చింది.

"చర్చికెళ్ళేముందు మీరే ఇస్తారు కదండీ, అర మాత్ర. శుక్రవారం కూడా. మొన్న మీ తమ్ముడుగారొచ్చినప్పుడు కూడా."

సునీత నా మొహం వైపు చూడకుండా గోడ వైపు చూసింది. నేను లెక్కపెట్టిన అట్టల్లో నా చెయ్యి లెక్కలోకి రాలేదు. వేరేవాళ్ళ చెయ్యి తగిలితేనే లెక్క తప్పుతుందనుకున్నాను.

డాక్టరు నన్ను తిట్టలేదు. ఈ జబ్బు మొదట కదలికను నడిపించే చోట మొదలవుతుందని, చాలామందిలో ఏళ్ళ మీద మెదడులో తక్కిన చోట్లకీ పాకుతుందని, అప్పుడు ఆలోచన, ధ్యాస, చూపు కూడా దెబ్బతింటాయని చెప్పారు. లేనివి కనిపించడం, దగ్గరివాళ్ళనే అనుమానించడం అందులో భాగమే. "మీ అర మాత్ర ఈ మతి జబ్బును తేలేదు. వచ్చేది వచ్చేదే. కానీ లేనివి కనిపించడాన్ని ఎక్కువ చేసి ఉంటుంది. ఇక నుంచి నాకు చెప్పకుండా చిటికెడు కూడా మార్చకండి" అన్నారు.

నాకు అర్థమైనది నా మాటల్లో చెబుతాను. కాట్రేనికోన వైపు రొయ్యల చెరువు పక్కన వరి వేసినవాళ్ళకి తెలుసు. చెరువు ఉప్పు చేలోకి ఒక్కసారి రాదు. మొదట గట్టు పక్క వరుస ఎర్రబడుతుంది. మనం ఆ వరుసనే చూస్తూ ఉంటాం. అది మట్టి కిందుగా లోపలికి ఊరుతూనే ఉంటుంది. సుగుణ బొటనవేలును చూస్తూ నేను అలాగే నాలుగేళ్ళు కూర్చున్నాను.

"మరి ఆ గుజ్జులో పొడి చేసి కలపడం?" అని చివరికి డాక్టరును అడిగాను.

"రత్నం అనే ఆవిడేనా? కిందటి నెల ఫోన్ చేసి నన్నే అడిగింది. ఈ మాత్రకు ఫరవాలేదని నేనే చెప్పాను. మీకు చెప్పలేదా?"

*

చెప్పింది. పలివెలలో ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు అది తేలింది.

"చెప్పేనండి. మీరు పేపరు చదువుతున్నారు. 'సరే సరే' అన్నారు." రత్నం బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టలేదు.

"నాదే తప్పమ్మా. సుగుణ చెప్పిందని నమ్మాను."

"అమ్మగారి మీద నాకు కోపం లేదండి. కువైట్‌లో ముసలావిడ నన్ను దొంగనేది, గిన్నె విసిరేది. ఆవిడకీ ఇదే జబ్బండి. ఆవిడ కొడుకు మాత్రం తొమ్మిదేళ్ళలో ఒక్కసారి నా సంచీ వెతకలేదు." చేటలోంచి ఒక రాయి తీసి పారేసింది. "అమ్మగారికి జబ్బు. మీకేం జబ్బండీ మాస్టారు?"

ఏం చేయమంటావని అడిగాను.

"నా కోసం ఏం వద్దండి. సుందరరావుగారికి స్నానం లేక ఇవాళ్టికి పది రోజులు. వేరే ఎవర్నీ ముట్టుకోనివ్వరాయన. వీపు పుండు పడుద్దండి. కమలమ్మగారికి నిజం చెప్పండి, చాలు."

ముందు పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివారు, గొడవంటే భయం. "మనవిలో పేరెక్కడా లేదు కదండీ మాస్టారు. ఇప్పుడు పేరెత్తితే లేనిది లేవదీసినట్టవుద్దేమో?" అన్నారు.

"పేరు లేదనే అయ్యగారూ, అందరూ ఆమె పేరే రాసుకున్నారు."

తర్వాతి శుక్రవారం కూడికలో లేచి నిలబడ్డాను. రత్నం అక్కడ లేదు. మోసం జరిగిందని రాసింది నేనేనని, మాత్రలు ఎక్కువ వేసిందీ నేనేనని, పలివెల రత్నం మీద అబద్ధపు నింద వేశానని, నా భార్య గుమ్మంలో ఆగిపోతుంటే నలుగురూ చూస్తారన్న సిగ్గుతో ఇదంతా మొదలైందని చెప్పాను. ఎవరూ ఏడవలేదు, ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. వెనక వరుసలో ఒకాయన, "ఇంతకీ మందులు అందరి ఇళ్ళల్లో లెక్క చూసుకోవడం మంచిదే" అన్నాడు. నేను నాటింది అంత తేలిగ్గా పీకితే వచ్చేది కాదని అప్పుడు తెలిసింది.

కమల అయితే నేరుగానే అంది. "అప్పుడు మీరే అలా అన్నారు, ఇప్పుడు మీరే ఇలా అంటున్నారు. ఏది నమ్మమంటారండీ?"

ఆమె అడిగింది న్యాయమే. నా మాటకు విలువ లేనప్పుడు చేతులే మిగిలాయి. "ఆమెను పిలిచేదాకా మామగారి పని నేను చేస్తానమ్మా" అన్నాను. కమల ఒప్పుకోలేదు, మంచం మీద నుంచి ఆయనే ఒప్పుకున్నారు. "రానీ అమ్మా. నా దగ్గర పనిచేసినవాడే."

మర్నాడు పొద్దున్న నుంచి, సెలవు పెట్టి వచ్చిన సునీత సుగుణ దగ్గర ఉండే గంటలో వెళ్ళేవాణ్ణి. ఒక మనిషిని మంచం మీద పక్కకు తిప్పడం ఎంత విద్యో నాకు తెలియదు. వేడినీళ్ళు ఆయన చెవిలోకి పోశాను. దుప్పటి తడిపాను. సబ్బు చెయ్యి జారి మంచం కిందకు పోతే, ఆయన్ని అలాగే పక్కకు తిప్పి వదిలేసి కిందకు దూరాను.

"ఏమయ్యా ప్రకాశరావూ" అన్నారు పైనుంచి. "ముప్పై ఏళ్ళు మానవ శరీరం పాఠం చెప్పావు. వీపు ఎక్కడుంటుందో తెలీదా?"

"తెలుసండి. ఇంత పెద్దదని తెలీదు."

నాలుగో రోజు ఆయన ఎడమవైపు నడుం దగ్గర ఎర్రటి మచ్చ చూశాను. భయమేసింది. ఆ మచ్చ ఏమిటో, ఏం చేయాలో నాకు తెలియదు. కమలను పిలిచి చూపించాను. "ఇది నాకు చేతకాదమ్మా. రత్నానికి చేతనవును. నేను నింద వేసింది తనకి చేతకాక కాదు, నాకు చేతకాదని తెలిసిపోతుందని." కమల ఆ మచ్చను చూసింది, నా తడిసిన చొక్కాను చూసింది. ఆ మధ్యాహ్నమే ఆటో కట్టించుకుని పలివెల వెళ్ళింది.

రత్నం సుందరరావుగారింటికి మళ్ళీ వస్తోంది. మచ్చ మానింది. మా ఇంటికి మాత్రం రాలేదు, నేను రమ్మనలేదు. సునీత సెలవును నెల రోజులకు పెంచింది. అర మాత్రలు లేవు. సుగుణ చర్చికి ఆలస్యంగా, ఆగి ఆగి వస్తుంది, నేను పక్కన నిలబడతాను. ఇప్పుడు ఆమె అనుమానం నా మీద. "మీరెవరో చెప్పండి, మా ఆయన్ని పిలవండి" అంటుంది. పిలిచి వస్తానని బయటికెళ్ళి, కాసేపాగి మళ్ళీ లోపలికి వస్తాను. కొన్నిసార్లు ఆ రెండోసారి వచ్చినవాణ్ణి గుర్తుపడుతుంది.

కిందటి వారం రత్నం మా గేటు ముందు నుంచి వెళుతూ ఆగింది.

"అమ్మగారు తింటన్నారాండీ?"

తింటోందని చెప్పబోయాను. "లేదమ్మా. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు" అన్నాను.

ఆమె గేటు తీయలేదు. గొడుగు పిడిని గేటు మీద ఆనించి, అక్కడి నుంచే చెప్పింది. ఎదురుగా కూర్చోకూడదు, పక్కన కూర్చోవాలి. ముద్ద చిన్నది. ముందు ఆవిడ చేతిలో పెట్టి, ఆవిడ చేతిని మనం కింద నుంచి పట్టుకుని నోటి దాకా తీసుకెళ్ళాలి. గడ్డం దించి మింగాలి. "తినండి తినండి అనకండి. మీ పాటికి మీరు వేరే కబుర్లు చెప్పుకోండి."

లోపలికి వెళ్ళి సుగుణ పక్కన కూర్చుని, రత్నం చెప్పినట్టే చేశాను.